పక్కింటి తుపాకి పుట్టుపూర్వోత్తరాలు

బ్యాంకు ఉద్యోగికీ తుపాకికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. ఉంది. నేను మేనేజరుగా పనిచేసిన ఒక శాఖలో కాపలాకి తుపాకి ఉండేది. దాని లైసెన్సు గడువు దాటకుండా చూడడం, పెట్టెలోని తూటాలు లెక్కపెట్టి రిజిస్టరులో సంతకం చేయడం నా పనుల్లో ఒకటి. రిజిస్టరులో దాని పేరుకెదురుగా "12 బోరు" అని రాసి ఉండేది. 12 అంటే ఏమిటో చాలా రోజులు తెలియకుండానే సంతకాలు పెట్టాను. ఒక సాయంత్రం మా కాపలాదారుని అడిగితే, ఆయన మాజీ సైనికుడు లెండి, విడమరచి చెప్పాడు. ఒక పౌను సీసాన్ని కరిగించి 12 సమానమైన గుండ్లు పోస్తే, ఒక్కొక్క గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం లోపలి వెడల్పు అంత. 16 బోరు అంటే పౌనుకి 16 గుండ్లు. అంటే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. నేను అంతకాలమూ దానికి సరిగ్గా తలకిందులుగా అనుకుంటున్నాను.

తుపాకి మీది అంకె చెప్పేది ఒకటి, మనం అనుకునేది మరొకటి అని నాకు మొదట తెలిసింది అప్పుడు. రెండోసారి తెలిసింది 2023 వేసవిలో, అమెరికాలో.

మా అమ్మాయీ అల్లుడూ కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ దగ్గర ఉంటారు. నెల రోజులు సెలవు పెట్టి, మా ఆవిడా నేనూ వెళ్ళాం. నాకు పాత నాణేలు పోగుచేసే అలవాటు ఉంది కనుక, డెన్వర్ టంకశాల చూడవచ్చునన్న ఆశతో పది రెట్లు పెద్దదిగా చూపించే నా భూతద్దాన్ని కూడా సంచిలో వేసుకున్నాను. అక్కడ ముద్రించిన నాణేల మీద చిన్న "డి" అక్షరం ఉంటుంది, మన హైదరాబాదు టంకశాల నాణేల మీద చిన్న నక్షత్రం ఉన్నట్టే. రూపాయి బిళ్ళ మీద సంవత్సరం కిందనున్న ఆ నక్షత్రాన్ని మీరెప్పుడైనా గమనించారో లేదో.

పక్కింట్లో డెబ్భై దాటిన పెద్దాయన ఒక్కరే ఉంటారు. రోజూ సాయంత్రం కంచె దగ్గర పలకరింపులయ్యేవి. బంగారం మీద అప్పులిచ్చేటప్పుడు నగ మీది చిన్న ముద్రల్ని అద్దం పెట్టి చూస్తామని నేను మాటల్లో చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మీరొకటి చూడాలి" అన్నారు. మర్నాడు మా అల్లుణ్ణీ నన్నూ పిలిచి, బల్ల మీద దుప్పటి పరిచి, ఒక పొడుగాటి రైఫిలు పెట్టారు.

అది ఆయన అన్నగారిది. ఆ అన్నగారు అంతకుముందు చలికాలంలో పోయారు. భార్య లేరు, పిల్లలు లేరు. ఇల్లు ఖాళీ చేస్తుంటే బీరువాలో ఈ రైఫిలూ, ఒక అట్టపెట్టెలో ఇరవై తూటాలూ దొరికాయి. కాగితాలేమీ లేవు. కానీ కథ ఉంది. 1870లలో ముత్తాతగారు కాన్సస్‌లో అడవిదున్నల్ని వేటాడిన రైఫిలు ఇదేనని అన్నగారు కుటుంబంలో అందరికీ చెప్పేవారట. సెప్టెంబరులో అన్నగారి పుట్టినరోజున బంధువులంతా పొలం దగ్గర కూడి, ఆయన తూటాలతోనే తలా ఒక గుండు పేల్చి ఆయన్ని తలచుకోవాలని నిర్ణయించుకున్నారు. మొదటి గుండు పంతొమ్మిదేళ్ళ మనవడి వరస కుర్రాడు పేల్చాలి.

పెద్దాయన ముందుగా రైఫిలు తెరిచి, లోపల తూటా లేదని కళ్ళతో చూసి, వేలు పెట్టి తడిమి, తరువాతే నా చేతికిచ్చారు. ఎంత అనుభవమున్నవాళ్ళయినా ఈ పని ప్రతిసారీ చేస్తారట. క్యాషియరు తాను కట్టిన కట్టనే మళ్ళీ లెక్కపెట్టినట్టు.

ఇది ఒక్క తూటా మాత్రమే పట్టే రకం. ఒకటి పేల్చాక ఖాళీ డొల్ల తీసి మరొకటి పెట్టుకోవాలి. సుత్తిలాంటి గుర్రాన్ని వెనక్కి లాగి, దాని ముందున్న ఇనుప దిమ్మెను కూడా బొటనవేలితో వెనక్కి దొర్లిస్తే గొట్టం వెనక భాగం తెరుచుకుంటుంది. తూటా పెట్టి దిమ్మెను ముందుకు దొర్లిస్తే మూసుకుంటుంది. పేలే క్షణంలో గుర్రపు కింది భాగం దిమ్మె కిందికి వచ్చి దాన్ని కదలకుండా బిగించి పట్టుకుంటుంది. రెండే పెద్ద ముక్కలు, రెండు లావాటి ఇరుసులు. దిమ్మె దొర్లుతుంది కనుక దీన్ని రోలింగ్ బ్లాక్ అంటారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్ ఊళ్ళో రెమింగ్టన్ వారు 1860లలో ఈ ఏర్పాటుతో రైఫిళ్ళు చేశారు. 1867లో పారిస్ ప్రదర్శనలో పెట్టాక డెన్మార్క్, స్వీడన్, స్పెయిన్, ఈజిప్టు సైన్యాల దాకా వెళ్ళాయి. పది లక్షలకు పైగా తయారయ్యాయి. 1874లో లాంగ్ ఐలండ్ మీద క్రీడ్‌మూర్ మైదానంలో ఐర్లండ్ జట్టుతో అమెరికా వారికి పోటీ జరిగితే, అమెరికా జట్టు రెమింగ్టన్, షార్ప్స్ రైఫిళ్ళతో 934 పాయింట్లు చేసి, 931 చేసిన ఐర్లండు మీద గెలిచింది. కాబట్టి ముత్తాతగారి చేతిలో అలాంటిది ఉండి ఉండవచ్చు. అందులో అసంభవమేమీ లేదు.

కానీ ఇదే ఆ రైఫిలా?

గొట్టం పైన "45-70" అన్న అంకెలు స్పష్టంగా ఉన్నాయి. వాటికి కొంచెం ముందు ఎవరో ఎప్పుడో గొట్టాన్ని బాగా అరగదీసి మెరుగు పెట్టించారు. అక్కడి అక్షరాలు చాలావరకు పోయాయి. భూతద్దంతో వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూస్తే వరుసగా నాలుగక్షరాలు కనిపించాయి: ఎస్, ఓ, ఎల్, ఐ. సోలి. నేను వెంటనే "సోలింజెన్" అన్నాను. మా నాన్నగారి గడ్డం కత్తి మీద ఆ పేరే ఉండేది, జర్మనీలో కత్తులకు పేరుపడ్డ ఊరు. నా పాండిత్యానికి పెద్దాయన ముచ్చటపడ్డారు. అది శుద్ధ తప్పని రెండు రోజుల తరువాత తేలింది.

నాకు అనుమానం వచ్చింది మాత్రం అక్షరాలు లేని చోట. పాత రెమింగ్టన్ రైఫిళ్ళ ఫోటోల్ని మా అల్లుడు ఫోనులో చూపించాడు. గుర్రం వెనక, చెక్కలోకి దిగే ఇనుప పట్టీ మీద కంపెనీ పేరు, ఊరు, 1864, 1866 పేటెంట్ల తేదీలు వరుసగా ఉన్నాయి. మా ముందున్న దాని పట్టీ అద్దంలా నున్నగా ఉంది. అక్కడ అరగదీసిన జాడ కూడా లేదు. అంటే ఏదీ చెరిగిపోలేదు, అసలు ఎప్పుడూ ఏదీ చెక్కలేదు. సంతకం అస్పష్టంగా ఉన్న చెక్కు వేరు, సంతకమే పెట్టని చెక్కు వేరు కదా.

ఆ మాట నేను పెద్దాయనతో అనలేదు. తుపాకులు బాగుచేసే మనిషికి చూపించకుండా పేల్చవద్దని మాత్రం చెప్పమని అమ్మాయితో చెప్పించాను. ఇంగ్లీషు నాకు రాక కాదు, మనసు రాక.

ఆ మిస్త్రీ దుకాణం ఇరవై మైళ్ళ దూరంలో ఉంది. ముగ్గురం కారులో వెళ్ళాం. ఆయన తూటా పెట్టెను ముట్టుకోకుండా దూరంగా జరిపి, ముందుగా రైఫిలు ముందు భాగంలోని చెక్కను విప్పాడు. చెక్క కింద దాగిన గొట్టం ఎవరూ మెరుగు పెట్టని గొట్టం. అక్కడ పేరు పూర్తిగా ఉంది. పెదెర్సోలి. నా సోలింజెన్ ఆ పేరులో చివరి నాలుగక్షరాలు.

డేవిడే పెదెర్సోలి కంపెనీ ఇటలీలో బ్రెషా జిల్లా గార్దోనె వాల్ త్రొంపియాలో ఉంది, 1957లో మొదలైంది. గార్దోనె అంటే మెల్లా నది లోయలో శతాబ్దాలుగా ఇనుము కొట్టి తుపాకి గొట్టాలు చేసే ఊరు. బెరెట్టా వంశంవారు 1526లో వెనిస్ ఆయుధశాలకు 185 గొట్టాలు అమ్మిన రసీదు ఇప్పటికీ ఉంది. అలాంటి చోట అమెరికా పాతకాలపు తుపాకులకు నకళ్ళు ఎందుకు చేయడం మొదలుపెట్టారు? 1961 నుంచి 1965 దాకా అమెరికాలో అంతర్యుద్ధానికి నూరేళ్ళ ఉత్సవాలు జరిగాయి. పాత దుస్తులు వేసుకుని, పాత తుపాకులు పట్టుకుని యుద్ధాల్ని తిరిగి ప్రదర్శించే సరదా పెరిగింది. అసలు తుపాకులేమో అరుదు, ఖరీదు. వాటిని పేల్చి పాడుచేసుకోవడం ఎవరికిష్టం? అమెరికా వ్యాపారులు గార్దోనె పనివాళ్ళకు నమూనాలిచ్చి నకళ్ళు చేయించారు. అదే దశాబ్దంలో ఇటలీవారే కౌబాయి సినిమాలు తీయడంతో గిరాకీ ఇంకా పెరిగింది. ఉబెర్తి, పెదెర్సోలి, పియెత్తా వంటి కంపెనీలు అలా లోకప్రసిద్ధమయ్యాయి.

పేరు పక్కనే చిన్న ముద్రలు మరికొన్ని ఉన్నాయి. నక్షత్రం, దాని కింద పి, ఎస్, ఎఫ్ అక్షరాలు. ఇటలీలో తయారైన ప్రతి తుపాకినీ అమ్మకానికి ముందు ప్రభుత్వ గుర్తింపు ఉన్న పరీక్షాకేంద్రంలో పేల్చి చూడాలి. మామూలుకంటే సుమారు పాతిక శాతం ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటా పెట్టి పేలుస్తారు. పగలకుండా, పొంగకుండా నిలిస్తే ముద్ర వేస్తారు. పి.ఎస్.ఎఫ్. అంటే ఇటాలియన్‌లో "పొగలేని మందు". పి.ఎన్. అని ఉంటే "నల్ల మందు". (మనకు నల్లమందంటే వేరే వస్తువు. ఇక్కడ గంధకం, పెటలుప్పు, బొగ్గు కలిపిన పాతకాలపు తుపాకిమందు అని గ్రహించాలి.) ఆ పరీక్షాకేంద్రం పేరు "బాంకో నాజియోనాలె ది ప్రోవా". బాంకో అన్న మాట విని నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇటాలియన్‌లో బాంకో అంటే బల్ల. బల్ల మీద తుపాకిని పరీక్షించే చోటూ బాంకోయే, వెనకటికి బల్ల వేసుకుని నాణేలు మార్చిన షరాబుల పనీ బాంకోయే. మన బ్యాంకు ఆ రెండో బల్ల సంతానం. ముప్పై ఏళ్ళ పైచిలుకు నేను జీతం తీసుకుంటున్న మాటకి దాయాది ఒకటి తుపాకి గొట్టం కింద కనిపించింది.

ఇక చివరి ముద్ర చిన్న చతురస్రంలో రెండక్షరాలు: బి, సి. మా అల్లుడు "క్రీస్తు పూర్వమా, మావయ్యగారూ!" అని నవ్వాడు. అది పరీక్ష జరిగిన సంవత్సరానికి సంకేతం. 1974 దాకా రోమన్ అంకెల పద్ధతిలో వేసి, 1975 నుంచి అక్షరాలకు మారారు. ఏఏ అంటే 1975, ఏబీ అంటే 1976. కొన్ని అక్షరాలు వదిలేస్తూ ఏజెడ్ దగ్గరికి వచ్చేసరికి 1990. బీఏ 1991. ఆ లెక్కన బీసీ 1993.

మిస్త్రీ సంవత్సరం చెప్పగానే పెద్దాయన ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కొంతసేపటికి, "మా అన్నకి అప్పుడు యాభై ఏళ్ళు. కొత్తదే కొనుక్కున్నాడన్న మాట" అన్నారు. ఆ మాటలో కోపం ఎంతో, నవ్వు ఎంతో నాకు అర్థం కాలేదు.

నకలు వేరు, నకిలీ వేరు. నేను ఉద్యోగంలో రెంటినీ చూశాను. కాపీ అని రాసి సంతకం చేసిన దస్తావేజు నకలు. అసలులా నటించేది నకిలీ. ఈ రైఫిలు తన వంటి మీద తన తయారీదారు పేరూ, దేశమూ, పుట్టిన సంవత్సరమూ మోస్తూనే ఉంది. అబద్ధం చెప్పింది అది కాదు. పైన మెరుగు పెట్టించిన చెయ్యి కావాలని పెట్టించిందో, తుప్పు పోగొట్టడానికి పెట్టించిందో ఎవరు చెప్పగలరు?

ఈ తేడా అక్కడ చట్టంలోనూ పనికివస్తుంది. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం 1898లోనో, అంతకుముందో తయారైన తుపాకి పురావస్తువు కింద లెక్క. దానికి మామూలు తుపాకుల నియమాలు చాలావరకు వర్తించవు. 1993లో చేసిన నకలు, అందులోనూ బజారులో దొరికే తూటా పట్టేది, అచ్చంగా మామూలు తుపాకే. ముత్తాతగారిదని నమ్మి ఎవరికైనా అమ్మితే రెండు విధాలా చిక్కు.

మన ఇళ్ళ సంగతి కూడా ఇక్కడే ఒక మాట. బరంపురంలో కానివ్వండి, హోసూరులో కానివ్వండి, కొన్ని పాత కుటుంబాల్లో తాతగారి తుపాకి అటక మీద ఉండిపోతుంది. లైసెన్సు ఉన్న మనిషి పోయాక దాన్ని జ్ఞాపకార్థం ఇంట్లో ఉంచుకోవడం కుదరదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరలోని పోలీసు స్టేషనులోనో, లైసెన్సు ఉన్న వ్యాపారి దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. వారసులు కావాలనుకుంటే తరువాత తమ పేర లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మళ్ళీ దుకాణానికి వద్దాం. పుట్టుక తెలిసింది కానీ అసలు చిక్కు విడలేదు. గొట్టం మీద 45-70 అని ఉంది. అన్నగారి పెట్టెలోని తూటాల అడుగున మాత్రం 45-90 అని ఉంది. పాసుబుక్కులో ఒక నిల్వ, లెడ్జరులో ఇంకో నిల్వ.

ఈ అంకెలకు అర్థం చెబుతాను. మొదటిది గుండు లావు, అంగుళంలో 45 శాతం. మన లెక్కలో పదకొండున్నర మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. రెండోది డొల్లలో పట్టే నల్ల మందు బరువు, గ్రెయిన్లలో. గ్రెయిను మనకు కొత్త కాదు. 180 గ్రెయిన్లు ఒక తులం, అంటే పాత లెక్కన 11.66 గ్రాములు. 1873లో అమెరికా సైన్యం చేపట్టిన 45-70 తూటాలో గుండు బరువు 405 గ్రెయిన్లు, సరిగ్గా రెండుంపావు తులాలు! మా శాఖలో తాకట్టుకి వచ్చే సన్నపాటి గొలుసులు అంత తూగేవి. ఇక 90 గ్రెయిన్ల మందు అంటే అర తులం.

45-70, 45-90 తూటాలు రెండూ ఒకే లావు, అడుగు అంచూ ఒక్కటే. తేడా పొడుగులోనే. 45-70 డొల్ల 2.1 అంగుళాలు, 45-90 డొల్ల 2.4 అంగుళాలు. అందుకని 45-70 కోసం చేసిన రైఫిలు లోపల, తూటా కూర్చునే గదిని పనిముట్టుతో ఇంకో ఏడెనిమిది మిల్లీమీటర్లు ముందుకి తొలిస్తే 45-90 అయిపోతుంది. గుండు దూరం వెళ్ళాలన్న కోరికతో అక్కడ చాలామంది అలా చేయించుకుంటారట. బయట ఏ గుర్తూ మారదు. ఇటలీలోనైతే అలా మార్చాక మళ్ళీ బాంకోకు పంపి పరీక్షించి ముద్ర వేయించాలి. అమెరికాలో అలాంటి ప్రభుత్వ పరీక్షాకేంద్రమే లేదు. తొలిచినవాడు కొత్త అంకె చెక్కితే చెక్కినట్టు, లేకపోతే లేదు.

"అంత ఆలోచన ఎందుకు, తూటా పెట్టి చూస్తే తెలిసిపోతుందిగా" అన్నాను నేను. మిస్త్రీ నా వైపు జాలిగా చూశాడు. మందు నిండిన తూటాని తెలియని తుపాకిలో పెట్టి కొలతలు చూడకూడదట. పైగా కొంచెం పొట్టి తూటా పొడుగు గదిలో హాయిగా కూర్చుంటుంది, పేలుతుంది కూడా. కూర్చున్నంత మాత్రాన అది దాని తూటా అని రుజువు కాదు. తాళంచెవి దూరినంత మాత్రాన ఆ లాకరు దానిదేనా?

ఆయన చేసిన పని నాకు అన్నిటికంటే ముచ్చటగా కనిపించింది. గొట్టంలో గదికి కాస్త ముందుగా గుడ్డముక్క బిగించి, వెనకవైపు నుంచి ఒక లోహాన్ని కరిగించి పోశాడు. బిస్మత్తు, సీసం, తగరం, కాడ్మియం కలిసిన ఆ మిశ్రలోహం 70 నుంచి 88 డిగ్రీల మధ్య కరుగుతుంది. అంటే కాఫీకి నీళ్ళు మరిగేలోపే. గొట్టానికి ఏ హానీ ఉండదు. గట్టిపడగానే వెనక నుంచి నెట్టి బయటికి తీశాడు. వెండి రంగులో గది లోపలి ఆకారం యథాతథంగా వచ్చింది, మన కంసాలి మైనంతో పోత పోసినట్టు. కానీ వెంటనే కొలవలేదు. ఈ లోహం చల్లారుతూ మొదట కాస్త ముడుచుకుని, మళ్ళీ పెరిగి, పోసిన గంటకి సరిగ్గా అసలు కొలతకి వస్తుందట. గోడ గడియారం చూస్తూ గంటసేపు కూర్చున్నాం. ఆ వ్యవధిలో ఆయన మెత్తటి సీసపు గుండొకదాన్ని గొట్టంలోంచి నూనె రాసిన కడ్డీతో మెల్లగా తట్టి ఇవతలికి తీశాడు. లోపలి మరల గాళ్ళు దాని మీద అచ్చుపడ్డాయి. కొలిస్తే 0.458 అంగుళం. అది 45 జాతికి సరిపోయింది.

గంట తరువాత పోతను కొలిచాడు. గది పొడుగు 2.4 అంగుళాలు.

గొట్టం మీద చెక్కిన అంకె, చెక్కిన రోజున నిజమే. ఆ తరువాత ఎవరో గదిని తొలిపించారు, బహుశా అన్నగారే. తూటాలు దాని తూటాలే. పెద్దాయన తేలిగ్గా ఊపిరి తీసుకున్నారు. "అయితే సెప్టెంబరులో పేల్చవచ్చు" అన్నారు.

మిస్త్రీ అప్పుడు తూటా పెట్టెను దగ్గరికి లాక్కున్నాడు. "ఇవి కంపెనీ తూటాలు కావు. ఇంట్లో నింపినవి. లోపలేముందో మీకు తెలుసా?" అన్నాడు.

అమెరికాలో చాలామంది డొల్లలు కొనుక్కుని మందూ గుండూ తామే నింపుకుంటారు. నల్ల మందయితే డొల్ల నిండా పోసి గుండుతో అదిమిపెట్టాలి. ఖాళీ ఉండకూడదు. పొగలేని మందుకి శక్తి చాలా ఎక్కువ, కొలత చాలా తక్కువ. ఆ పెద్ద డొల్లలో కాస్త మాత్రమే పోయాలి. ఒకటి అనుకుని ఇంకొకదాన్ని డొల్ల నిండా పోస్తే, లేదా మరచిపోయి రెండుసార్లు పోస్తే, తుపాకి పేల్చినవాడి మొహం దగ్గరే పగలవచ్చు. బయట నుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. పెట్టె మీద మందు పేరు గానీ, బరువు గానీ, తేదీ గానీ అన్నగారు రాయలేదు.

ఇరవై తూటాల్నీ మిస్త్రీ ఒక్కొక్కటే విప్పాడు. సుత్తిలాంటి బోలు పనిముట్టులో తూటాని బిగించి దిమ్మె మీద కొడితే, అదురుకి గుండూ మందూ ఊడి లోపల పడతాయి. ఒక్కొక్క దానిలోని మందుని విడివిడిగా తెల్లకాగితం మీద పోశాడు. మొదటి ఆరూ నల్లగా నిగనిగలాడే గరుకు పలుకులు. ఏడో తూటాలోంచి బూడిదరంగు సన్నటి పుల్లల్లాంటివి పడ్డాయి. అలాంటివి మొత్తం మూడు వచ్చాయి. తక్కినవి పదిహేడు. రెండు రకాల నుంచీ చిటికెడు తీసి వాకిట్లో సిమెంటు పలక మీద అంటించి చూపించాడు. నల్లది భగ్గుమని రెప్పపాటులో మండిపోయి తెల్లని పొగ వదిలింది. బూడిదరంగుది పసుప్పచ్చని మంటతో, కర్పూరంలా నెమ్మదిగా మండింది. ఆరుబయట అది ఎంత నెమ్మదో, గొట్టంలో బిగిస్తే అంత బలమట.

"ఆ మూడూ పేల్చి ఉంటే ఏమయ్యేది?" అని మా అల్లుడు అడిగాడు.

"ఏమీ కాకపోవచ్చు. మందు పేరు తెలియదు, బరువు ఎంతకని నింపాడో తెలియదు. తెలియనిదాన్ని నేను పేల్చను, ఇంకొకరి చేత పేల్పించను" అన్నాడు ఆయన. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. మా ఆడిటర్లు కొందరు ఇలా మాట్లాడితే ఎంత బాగుండేదో.

తిరుగు ప్రయాణంలో పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆయన మనసు ముత్తాతగారి మీద లేదని నాకనిపించింది. మొదటి గుండు పేల్చవలసిన కుర్రాడి మీద ఉంది. ఇల్లు దగ్గరపడ్డాక ఒకే మాట అన్నారు: "మా అన్న చాలా జాగ్రత్తపరుడు. ఆఖరి రోజుల్లో చూపు ఆనేది కాదు."

మేము ఆగస్టులో తిరిగి వచ్చేశాం. డెన్వర్ టంకశాల చూడనేలేదు.

సెప్టెంబరు ఆఖరి వారంలో అమ్మాయి ఫోను చేసి చెప్పింది. మిస్త్రీ ఆ డొల్లల్లోనే కొత్త నల్ల మందు తూచి పోసి, ఐదు తూటాలు చేసిచ్చాడట. ముందుగా తన దగ్గర రైఫిలును బల్లకి బిగించి, దూరంగా నిలబడి తాడుతో లాగి ఒకటి పేల్చి, అంతా సరిగ్గా ఉందని చూశాకే తక్కిన నాలుగూ చేతికిచ్చాడట. పొలం దగ్గర మొదటి గుండు కుర్రాడే పేల్చాడు. పొగ కమ్మేసి, గుండు ఎక్కడ తగిలిందో ఎవరికీ కనిపించలేదట. పెద్దాయన మాత్రం పేల్చలేదు. బంధువులకు ముత్తాతగారి కథ గురించి ఏం చెప్పారని అడిగాను. "అన్నయ్య 1993లో కొన్నాడని చెప్పారు నాన్నా. అంతే" అంది అమ్మాయి.

ఆమె పంపిన ఫోటోలో రైఫిలు మళ్ళీ ఆ దుప్పటి మీదే ఉంది. ట్రిగ్గరు చుట్టూ ఉండే ఇత్తడి కట్టుకి దారంతో ఒక అట్టముక్క కట్టి ఉంది, మేము తాకట్టు నగల సంచులకి కట్టే చీటీలాగే. దాని మీద పెద్దాయన వణుకుతున్న చేతిరాత. పెదెర్సోలి, ఇటలీ, 1993. గొట్టం మీద 45-70 అని ఉన్నా, గది 45-90. నల్ల మందు మాత్రమే. కింద తన సంతకమూ, తేదీ.